గుంజకు కట్టిన సూర్యుడు

మా అమ్మకు తెలుగు మాటే గాని అక్షరం రాదు. నా భార్య సరోజకు అరవ అక్షరాలు తప్ప వేరేవి తెలియవు. ఆ ధైర్యంతోనే ఇది తెలుగులో రాస్తున్నాను. ఇందులో ఒక ఆవుకు పిచ్చి పడుతుంది, ఒక తల్లి అన్నం మానేస్తుంది, చివరికి ఒక మేస్త్రి తన కొట్టంలోనే, కన్నతల్లి చేతిలోనే, మిట్టమధ్యాహ్నం, బయటి ఊరి మనిషి చూస్తుండగా దెబ్బలు తింటాడు. ఆ మేస్త్రి పేరు సుబ్రమణి. అంటే నేనే. నాలుగేళ్ళ కిందటి నేను. వాడికీ నాకూ ఇప్పుడు మాటల్లేవు.

తమిళనాడులోని ధర్మపురి నుంచి ఇండూరు దాటి కొంచెం లోపలికి పోతే మా ఊరు. నేను ఇరవై ఏళ్ళు హొసూరులో, బెంగుళూరులో గోడలు లేపినవాణ్ణి. నేను పూత పూసిన గోడ మీద చెయ్యి పెడితే జారుతుంది, ఇది గొప్ప కాదు, ఎవరినైనా అడగండి. కరెంటు పనివాళ్ళు పైపు పెట్టుకోవడానికి నా గోడలను కొట్టేటప్పుడు కడుపు మండి పక్కనే నిలబడి చూసేవాణ్ణి. అలా చూసి చూసి వైరింగు కూడా నాకు వచ్చేసిందని ఒక నమ్మకం ఏర్పడింది. నేర్చుకున్నవాడికి కొంచెం భయం ఉంటుంది. చూసినవాడికి అదీ ఉండదు.

సరోజ మా అక్క కూతురే. నన్ను మామా అంటుంది, మా అమ్మను అవ్వా అంటుంది. అందుకని మా ఇంట్లో ఏ తగువు వచ్చినా వాళ్ళు ఇద్దరు, నేను ఒక్కణ్ణి. చుక్కిని కూడా లెక్కేస్తే వాళ్ళు ముగ్గురు.

చుక్కి మా ఆవు. నొసట తెల్ల చుక్క. అది పుట్టిన మూడో రోజే తల్లి చచ్చిపోతే, మా అమ్మ సీసాతో పాలు తాపి, చలికి తన కంబళి కప్పి పెంచింది. నాకు జ్వరం వస్తే మాత్ర వేసుకోమంటుంది, దానికి తుమ్ము వస్తే రాత్రంతా కొట్టంలో కూర్చుంటుంది. ఊళ్ళో పాల సొసైటీలో మా పాలు పోయగానే ఇంకెవరి పాలకూ చెప్పని మంచి మాట ఒకటి చెప్పేవాళ్ళు, అది విని మా అమ్మ ఇంటికి వచ్చి చుక్కికి చెప్పేది.

మా కొట్టానికి ఒక పద్ధతి ఉంది. చెప్పులతో లోపలికి పోకూడదు. మా తాతల నాటి నుంచీ అంతే, పశువు నిలిచిన చోటు పూజగది లెక్క. నేను మాత్రం బెంగుళూరు చూసి వచ్చినవాణ్ణి కదా, పేడ కాలికి అంటుతుందని అమ్మ చూడనప్పుడు రబ్బరు చెప్పులతోనే దూరిపోయేవాణ్ణి. ఈ చెప్పుల సంగతి గుర్తు పెట్టుకోండి. మళ్ళీ వస్తాయి.

ఆ ఏడు మిద్దె మీద సోలారు పెట్టించాను. కంపెనీ నుంచి ఇద్దరు వచ్చి రెండు రోజుల్లో ప్యానెళ్ళు బిగించారు, ఎండ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే మిషను వసారా గోడకు తగిలించారు. అంతా అయ్యాక వాళ్ళలో పెద్దవాడు, సెల్వం అనే మనిషి, పెరట్లో ఒక చోట కాలితో గీత గీశాడు. అతనిది అరవమే, కాని మా మాట విని విని సగం తెలుగు పట్టుకున్నాడు.

“అన్నా, ఎర్తింగు గుంత ఈడ. ఆరడుగులు పోవాల. రాడ్డు దించి, ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చాల. యాడన్నా కరెంటు లీకైతే మనిషిని పట్టకుండా దీని దోవన భూమిలోకి పోతాది. అందుకే మట్టి ఎప్పుడూ తేమగా ఉండాల.”

“గుంత పని మాకు వదిలెయ్ తంబీ,” అన్నాను. “గుంతలు తవ్వేది మాకు కొత్తా? నువ్వు రాడ్డు ఆడ పెట్టిపో.”

“రేపు మీటరు పెట్టి చూస్తా అన్నా.”

“దండిగా చూసుకో.”

వాళ్ళు వెళ్ళగానే గడ్డపార అందుకున్నాను. అడుగు లోతు దిగిందో లేదో ఖంగుమంది. బండ. రెండు మూరలు జరిగి తవ్వాను. అక్కడా ఖంగుమంది. మా పక్క నేల సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కరలేదు, పైన కాస్త మట్టి పరిచి కింద మొత్తం కొండే. ఐదు చోట్ల తవ్వాక పెరడు పందులు తిరిగిన చేనులా తయారైంది, నా నడుము నాది కాకుండా పోయింది. సరోజ గడపలో నిలబడి చూస్తూ, “మోటారు కాడ మెత్త మట్టి ఉండాది కద మామా, ఆడ తవ్వు,” అంది. ఆ నీళ్ళ మోటారు ఇంటికి దూరం. అంత దూరం వైరు కాలువ తవ్వాలి. అదీగాక ఆ మాట తను చెప్పింది.

అప్పుడు నా కన్ను కొట్టం మీద పడింది.

చుక్కిని కట్టే గుంజ కర్ర గుంజ కాదు. మా తాత ఎక్కడో సంపాదించి పాతిన రైలు పట్టా ముక్క. ముప్ఫై ఏళ్ళుగా ఏ పశువూ దాన్ని కదిలించలేదు. చుక్కి తాళ్ళు నమిలేస్తుందని ఇనప గొలుసుతో దానికి కట్టేవాళ్ళం. నేను గుంజను చూశాను, దాని చుట్టూ తడి నేలను చూశాను. నా బుర్రలో ఒక వెలుగు వెలిగింది. ఎర్తుకు ఇనుము కావాలి, ఉంది. తేమ కావాలి, ఉంది. ఉప్పు కావాలి. మా చుక్కి రోజుకు ఆరేడుసార్లు ఉచ్చ పోసేది ఆ గుంజ మొదట్లోనే. ఉప్పూ తేమా రెండూ, తప్పకుండా, ఏ కంపెనీ ఇవ్వని సర్వీసు.

చదువుకున్న ఇంజనీర్లకు ఈ ఆలోచన ఎందుకు రాలేదా అని ఆ పూట వాళ్ళ మీద జాలిపడ్డాను.

ఎర్తు వైరును నేల కింద నాలుగు వేళ్ళ లోతున దాచి తీసుకుపోయి, గుంజ అడుగున బోల్టుతో బిగించి, పైన పేడ అలికేశాను. సెల్వం గీత గీసిన చోట మాత్రం ఒక చాంబరు కట్టాను. అది చూడాలి మీరు. నాలుగు పక్కలా నున్నటి పూత, అంచులు కత్తితో కోసినట్టు, పైన మూత, ముందర ఎర్ర రంగుతో ఇంగ్లీషులో ‘ఎర్త్’ అని పెద్ద అక్షరాలు. లోపల ఏమీ లేదు. ఏమీ అంటే ఏమీ. కంపెనీ ఇచ్చిన రాగి పూత రాడ్డు అటక మీద పడుకుంది.

మరుసటి రోజు సెల్వానికి వేరే ఊళ్ళో పని పడింది. ఫోన్ చేసి, “గుంత అయిందా అన్నా? ఫోటో పంపు, నాలుగు రోజుల్లో వచ్చి మీటరు పెడతా,” అన్నాడు. పంపాను. ఇంత అందమైన చాంబరు తన సర్వీసులో చూడలేదని జవాబు వచ్చింది. నాలుగు రోజుల తర్వాత వస్తానంటే, “ఎంత దూరం నుంచి వస్తావు, అంతా బాగానే ఉండాది,” అని నేనే మాన్పించాను.

అంతటితో ఆగి ఉంటే మేస్త్రిని ఎట్లా అవుతాను? మిద్దె మీద నుంచి మిషను దాకా వాళ్ళు వైర్లను పైపులో వేసి గోడ మీదుగా దించారు. నేను పూసిన గోడ అది. దాని మీద ఆ పైపు చూసినప్పుడల్లా నాకు అన్నం సయించేది కాదు. ఒక సాయంత్రం పైపు పీకేసి, వైర్లను కొట్టం రేకు అంచు కింద నుంచి కనపడకుండా తిప్పాను, ప్యానెళ్ళ నుంచి దిగే ఎర్తు వైరు కూడా వాటి పక్కనే. రేకు అంచు కొడవలి లాంటిదని, గాలికి ఆడుతూ ఉంటుందని నాకు తెలుసు. తెలిసినా గోడ బాగుంది కదా అనుకున్నాను.

నెల తిరగకముందే చుక్కి మారిపోయింది.

తెల్లవారక ముందు పాలు పిండేటప్పుడు ఎప్పటిలాగే నిలబడేది. మధ్యాహ్నం మూడింటికి పిండబోతే తన్నేది. పాలు చేపేది కాదు, పొదుగులోనే బిగబట్టేసేది. గొలుసు లాగి లాగి మెడ ఒరుచుకుపోయింది. కుడితి తొట్టి గుంజ పక్కనే ఉంటే, దప్పికతో నాలుక చాచి, మూతి దాకా పెట్టి, వెనక్కి ఉలిక్కిపడేది.

“దిష్టి తగిలిండాది,” అని అమ్మ మిరపకాయలు దిగదుడిచింది.

“ఎండకమ్మా,” అన్నాను.

“ఎండ ఈ యేడే వచ్చిందా? ముందర లేదా?” అంది సరోజ.

ఒక రోజు ముసురు పట్టింది. పొద్దంతా సూర్యుడు కనపడలేదు. ఆ మధ్యాహ్నం చుక్కి బుద్ధిగా నిలబడి చెంబులు నింపింది. “చూసినావా, చల్లబడితే సరిపోయింది. నేను చెప్పలా?” అని వసారాలో అటూ ఇటూ తిరిగాను. పాఠకులకు ఇప్పటికే విషయం అర్థమై ఉంటుంది. మీరు తెలివైనవాళ్ళు. నేను ఆ రోజు కొట్టానికి ఫ్యాను కొన్నాను.

వసారాలో మిషను మీద ఎర్ర లైటు ఒకటి అప్పుడప్పుడు మినుకుమినుకుమనేది. అది కళ్ళకు గుచ్చుకుంటోందని దాని మీద క్యాలెండరు తగిలించాను.

తర్వాత అమ్మ కొత్త మాట ఎత్తుకుంది. “మణీ, మాపటేల పొదుగు ముట్టితే చేతుల్లో చీమలు పాకినట్ల ఉండాది రా.”

“నరాల బలహీనత,” అన్నాను. చెప్పాను కదా, నాకు చూస్తే అన్నీ వచ్చేస్తాయి. హరూరు ఆసుపత్రికి తీసుకుపోయి మాత్రలు రాయించుకొచ్చాను. మాత్రలు వేసుకున్నా చీమలు పోలేదు. నేను అమ్మ చూడకుండా రబ్బరు చెప్పులతో పోయి చుక్కి వీపు నిమిరి వచ్చి, “నాకేమీ లేదే? చీమా లేదు, దోమా లేదు,” అన్నాను. చుక్కి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

పశువుల డాక్టరు వచ్చి చూసి ఒంట్లో ఏ రోగమూ లేదన్నాడు. ఒంట్లో రోగం లేకపోతే బుర్రలో ఉన్నట్టే అని నేను తీర్పు చెప్పాను. ఒక మధ్యాహ్నం అది తన్నిన తన్నుకు అమ్మ వెల్లకిలా పడింది. మోచెయ్యి కొట్టుకుపోయింది. అప్పుడు మాత్రం నాకు నిజంగానే భయం వేసింది, భయం వేస్తే నాకు గొంతు పెరుగుతుంది.

“ఇంక చాలు. దీన్ని అమ్మేస్తాండాను. రేపు నీ ఎముక విరిగితే ఎవరు చూస్తారు?”

“అది ఊరికే తన్నే బిడ్డ కాదు రా. దానికి ఏందో నొప్పి ఉండాది. నోరు లేదు, చెప్పలేకుండాది.”

“పిచ్చికి మందు లేదమ్మా.”

అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు, మరుసటి పూటా తినలేదు. సరోజ నాతో మాట మానేసింది. నేను మాత్రం ఇల్లు కాపాడే మగవాణ్ణి కదా, గట్టిగా నిలబడి మల్లాపురం మనిషి ఒకాయనకు కబురు పెట్టాను. ఆయన పశువులు కొనే మనిషి. మంచి ఎండపూట, పన్నెండు దాటాక, టెంపో వేసుకుని వచ్చాడు.

మా ఇళ్ళల్లో ఆవును ఊరికే గొలుసు విప్పి తోలెయ్యరు. ఇంటి మగవాడు స్నానం చేసి, తడి బట్టతో, కాళ్ళకు ఏమీ లేకుండా కొట్టంలోకి పోవాలి. దాని నాలుగు గిట్టలూ కడగాలి. నొసట పసుపూ కుంకుమా పెట్టి, కర్పూరం తిప్పి, మా వల్ల తప్పు జరిగి ఉంటే మన్నించమని చెప్పి, తన చేత్తో కట్టు విప్పాలి. నేను ఈ తతంగం వద్దని గొణిగాను.

“అదన్నా చెయ్యి,” అంది అమ్మ.

చెప్పులు విడిచాను. ఆ కొట్టంలో నా కాలు నేలను తాకడం ఎన్ని నెలల తర్వాతో. బిందెడు నీళ్ళతో గిట్టలు కడిగాను. నీళ్ళు గుంజ చుట్టూ మడుగు కట్టాయి. చుక్కి ఒళ్ళంతా వణుకుతోంది. పసుపు పెట్టి, కర్పూరం తిప్పి, “తప్పు జరిగి ఉంటే మన్నించు తల్లీ,” అన్నాను. తప్పు ఏమీ జరగలేదనే ధీమాతోనే అన్నాను. తడి చేత్తో గొలుసు పట్టుకున్నాను.

అంతే. భుజం దాకా ఎవరో లోపలి నుంచి సమ్మెటతో కొట్టినట్టయింది. వదలాలని నాకుంది, చేతికి లేదు. వేళ్ళు గొలుసును ఇంకా గట్టిగా బిగించాయి. నోరు తెరిచాను గాని “మ్మ్మ్మ్” అని చుక్కి భాషే వచ్చింది. ఎదురుగా చుక్కి కళ్ళు, ఇటు నా కళ్ళు. ఆ క్షణంలో మేమిద్దరం ఒకరికొకరం పూర్తిగా అర్థమయ్యాం.

“వీనికీ పట్టింది రా పిచ్చి,” అన్నాడు మల్లాపురం ఆయన వాకిట్లోంచి.

అమ్మకు కరెంటు తెలియదు. కాని చుక్కి వణుకూ నా వణుకూ ఒకటేనని చూడగానే తెలిసింది. చూరులో దోపిన ఎండు వెదురు కట్టె లాగి, తడిలో కాలు పెట్టకుండా గడప మీద నుంచే నా ముంజేతి మీద ఒక్కటిచ్చింది. చెయ్యి ఊడింది. నేను గోడకు పోయి పడ్డాను. నన్ను కాపాడడానికి ఆ ఒక్క దెబ్బ చాలు. మొత్తం మూడు పడ్డాయి. మిగిలిన రెండూ దేనికని నేను ఈనాటికీ అడగలేదు.

సరోజ అప్పటికే వసారాలోకి పరిగెత్తి క్యాలెండరు పక్కకు తోసింది. ఎర్ర లైటు. ఇండూరు వైరుమ్యాన్ మురుగేశన్‌కు ఫోన్ చేసింది. అతను వచ్చేలోగా నేను తేరుకుని, ఇంకా కొంచెం గౌరవం మిగిలి ఉందనుకుని, మెయిన్ స్విచ్చు దించేశాను.

“కరెంటు ఆపేసినాను మురుగేశా, ఇంక ధైర్యంగా ముట్టుకో,” అన్నాను.

అతను గొలుసుకు మీటరు ఆనించాడు. అంకెలు కదిలాయి. నా మొహం చూశాడు.

“మెయిన్ దించితే బోర్డు కరెంటు ఆగుతాది అన్నా. ప్యానెలు నుంచి వచ్చేది ఎట్ల ఆగుతాది? ఎండ ఉన్నంతసేపూ అది వస్తానే ఉంటాది. సూర్యుణ్ణి దించే స్విచ్చు మీ ఇంట్లో యాడన్నా ఉంటే చెప్పు.”

స్విచ్చు లేదు గాని కంబళి ఉంది. అమ్మ మిద్దె ఎక్కి, చుక్కిని పెంచిన ఆ పాత కంబళి ఒక ప్యానెలు మీదా, వడ్లు ఆరబోసే టార్పాలిన్ మిగిలినవాటి మీదా కప్పింది. అప్పుడు అంకెలు పడిపోయాయి. చుక్కి వణుకు ఆగింది. ముందరికి రెండడుగులు వేసి, తొట్టిలో మూతి పెట్టి, ఊపిరి తీసుకోకుండా తాగింది. తొట్టి అడుగు కనిపించేదాకా తాగింది. అది చూస్తూ నేను తల ఎత్తలేకపోయాను. ఎన్ని మధ్యాహ్నాలు అట్లా నీళ్ళ ముందర దప్పికతో నిలబడిందో.

మురుగేశన్ రేకు అంచు కింద నా దొంగదోవ కనిపెట్టాడు. రేకు వైరు తోలును సగం గీరేసి, లోపలి కరెంటును పక్కనే ఉన్న ఎర్తు వైరుకు అందించింది. పూర్తిగా తెగి ఉంటే మిషనే ఆగిపోయేది, సగం కాబట్టి ఎర్ర లైటుతో మొత్తుకుంటూ నడిచింది. లీకైన కరెంటు అంతా గుంజకు వచ్చింది. గుంజ కింద మూడడుగుల్లో అదే బండ. లోపలికి దిగే దారి లేక, పైన తడి మట్టిలోనే, చుక్కి గిట్టల కింద పరుచుకుంది.

“మరి ఆడ చాంబరు ఏంది?” అన్నాడు.

నేను జవాబు చెప్పేలోగా మూత ఎత్తేశాడు. లోపల ఒక కప్ప ఉంది.

అతను మూత మళ్ళీ పెట్టి, నవ్వకుండా, నెమ్మదిగా చెప్పాడు. “అన్నా, ఇంకొక వాన పడి, ఆ వైరు ఇంకొంచెం తెగి ఉంటే, ముందర ఆవు పోయేది. పాలు పిండే అమ్మ దాని కిందనే కద కూర్చుండేది.”

ఆ మాటకు నేను ఆ చాంబరు పక్కనే నేల మీద కూర్చుండిపోయాను. ఇప్పుడు నవ్విస్తూ రాస్తున్నాను గాని, ఆ మాట అప్పుడప్పుడు అన్నం తింటుండగా గుర్తొస్తుంది, ముద్ద దిగదు.

మల్లాపురం ఆయన ఖాళీ టెంపో ఎక్కుతూ అమ్మతో అన్నాడు. “ఆవు వద్దులేమ్మా. ఆ కట్టె ఇస్తావా, మా ఇంట్లో కూడా ఒక కొడుకు ఉండాడు.”

రెండు రోజులు తవ్వాను. మోటారు కాడ, మెత్త మట్టిలో, సరోజ మొదటే చెప్పిన చోట. మురుగేశన్ అటక మీది రాడ్డు దించి, ఉప్పూ బొగ్గూ వేయించి, మీటరు పెట్టి, అంకె చూసి తల ఊపాడు. కొత్త వైర్లు పైపులోనే, నా నున్నటి గోడ మీదుగానే దిగాయి. ఆ పైపు నాకు ఇప్పుడు దేవుడి పటం కంటే అందంగా కనిపిస్తుంది. మూడో రోజు, ఎర్రటి ఎండలో, అమ్మ చుక్కి కింద కూర్చుంది. చుక్కి ఒక గిట్ట ఎత్తి, నేలను తాకించి చూసి, ఎత్తి, మళ్ళీ పెట్టింది. అప్పుడు చేపింది. అమ్మ దాని పక్కకు నుదురు ఆనించి, పిండుతూనే ఏడ్చింది.

నా చాంబరును ఆ సాయంత్రమే అమ్మ కొట్టం ముందరికి ఎత్తించింది, లోపల ఎట్లాగూ ఏమీ లేదు కాబట్టి అడుగు పూయించి చుక్కికి కుడితి తొట్టి చేసింది. ముందర ఎర్ర అక్షరాలు అట్లాగే ఉన్నాయి. ఇంటికి వచ్చినవాళ్ళు అదేమని అడిగితే, “మా మణి కరెంటు చదువు,” అని చెబుతుంది.

ఇక్కడితో ముగించి ఉంటే బాగుండేది. రాసింది బాగా వచ్చిందని, నిన్న సాయంత్రం కొట్టం ముందర కూర్చుని వాళ్ళిద్దరికీ గట్టిగా చదివి వినిపించాను. నా ధైర్యమంతా వాళ్ళకు చదవడం రాదనే కదా, ఆ ధైర్యాన్ని నా నోటితోనే పోగొట్టుకున్నాను. అమ్మ కళ్ళు మూసుకుని అంతా విని, “చెప్పులు ఏసుకుని దూరినావా కొట్టంలోకి?” అని ఒక్క మాట అడిగి కట్టె కోసం చూరు వైపు చూసింది. సరోజ మాత్రం, “మూడు దెబ్బలు కాదు మామా, ఐదు. నేను లెక్కపెట్టినాను. సరిగ్గా రాయి,” అంది.

రాశాను. ఐదు.

కాబట్టి, ఎర్త్ అని రాసిన తొట్టిలో కుడితి తాగుతున్న చుక్కి సాక్షిగా, కాళ్ళకు ఏమీ లేకుండా నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట సూర్యుణ్ణి ఏ గుంజకూ కట్టను. మీటరు పెట్టి చూస్తానన్నవాణ్ణి ఫోటోతో సాగనంపను. ఎర్ర లైటు మీద ఏ క్యాలెండరూ తగిలించను. ఎప్పుడైనా మళ్ళీ మా ఇంట్లో ఎవరికైనా పిచ్చి పట్టిందని నాకు అనిపిస్తే, ఆవు దాకా పోకుండా, మొదట నన్నే ఎవరికైనా చూపించుకుంటాను.